ఆర్తిగాస్ పిరిస్ ఆచూకీ

మొగుడు వాషింగ్టన్ కనురెప్పల మీద సున్నం చూస్తే అనహీకి నవ్వు ఆగదు. పెళ్లయి ఇరవై రెండు రోజులైంది. ఈ ఇరవై రెండు రోజుల్లో అతను మైదానం మీద గీతలు గీసి ఇంటికి రావడం ఇది ఆరోసారి. ఆరుసార్లూ ఆమె అతన్ని గుమ్మంలోనే ఆపి, పీట మీద కూర్చోబెట్టి, తడిగుడ్డతో ఒక్కో రెప్పా తుడిచింది.

"కదలకు. కంట్లో పడితే నాకు గుడ్డి మొగుడు మిగుల్తాడు."

"గీత గీయడానికి కళ్లెందుకే బక్కదానా? తాడు లాగి కడితే చాలు, సున్నం దాని వెంట అదే పోతుంది."

"మరి నా మొహం చూడ్డానికో?"

"దానికి ఉన్న రెండూ ఎలాగూ చాలట్లేదు."

తుడుస్తున్న గుడ్డ అక్కడే ఆగిపోయింది.

వాళ్ల కాపురం ఫారో రోహో ఫుట్‌బాల్ క్లబ్బు చెక్క గ్యాలరీ కింద, రెండు గదుల్లో. మైదానం చూసుకునేవాడికి క్లబ్బు ఇచ్చే ఇల్లది. కప్పు మెట్లుమెట్లుగా దిగుతూ వచ్చి మంచం తలవైపు చేతికి అందుతుంది. ఆట ఉన్న రోజు నెత్తి మీద ఎనిమిది వందల మంది కాళ్లు. మనవాళ్లు గోల్ వేస్తే అలమారలో గ్లాసులు గలగలమంటాయి. అవతలివాళ్లు వేస్తే ఇల్లంతా నిశ్శబ్దం. పశువులూ గడ్డీ తప్ప మరేమీ లేని తక్వరెంబో నుంచి వచ్చిన అనహీకి ఆ గలగల ఎంత ముద్దొచ్చిందంటే, కిందటి ఆదివారం లోపల ఉల్లిపాయలు తరుగుతూనే గ్లాసుల్ని బట్టి స్కోరు చెప్పేసింది.

ఆమె చదివింది గ్రంథాలయ శాస్త్రం. ఆ సంగతి తెలిసిన మర్నాడే క్లబ్బు కార్యదర్శి బెనితెస్ బూట్ల పెట్టెలు నాలుగు మోసుకొచ్చి ఆమె వంటబల్ల మీద పెట్టాడు. వచ్చే ఆదివారానికి క్లబ్బుకి డెబ్బై ఐదేళ్లు. ఆ పెట్టెల్లో ఉన్న సభ్యుల కార్డులన్నీ వరసలో పెట్టి, కొత్త నంబర్లతో జాబితా టైపు చేయాలి.

నంబర్ల విషయంలో ఫారో రోహో మనుషులకి ఉన్నంత పట్టింపు బూట్ల సైజు విషయంలో కూడా ఉండదు. ఎంత ముందు చేరితే అంత చిన్న నంబరు. పైన ఒకరు పోతే కింద అందరూ ఒక మెట్టు పైకి జరుగుతారు. అందుకే ఈ పేటలో బిడ్డ పుడితే తల్లికి పాలు పడకముందే తండ్రి క్లబ్బుకి పరిగెత్తి పేరు రాయించి వస్తాడు. ఏటా వార్షికోత్సవం నాడు ఒకటో నంబరు సభ్యుడు మైదానం మధ్య నిలబడి అధ్యక్షుడి చేతి మీదుగా కొత్త కార్డు అందుకుంటాడు. మొదటి బంతి అతనే తంతాడు. కిందటేడు తన్నిన మంగలి చలికాలంలో పోయాడు.

ఇక తన్నాల్సింది ఎవరు? బుధవారం పొద్దున ఆ కార్డు అనహీ చేతికి దొరికింది. ఆర్తిగాస్ పిరిస్. చేరింది వెయ్యి తొమ్మిది వందల ఇరవై ఆరు, ఏప్రిల్. చేరి ముప్పై ఏళ్లు నిండాయి కనక జీవిత సభ్యుడు. పోయాడని ఇంటివాళ్లు చెప్పలేదు కనక పేరు ఉండిపోయింది. చిక్కల్లా ఒక్కటే: ఆ మనిషిని చూసినవాళ్లు లేరు.

ఆమె కార్డు పట్టుకుని క్లబ్బు వెనక చెక్కబంతులు దొర్లించే పాక దగ్గరికి వెళ్లింది. అక్కడ ముసలివాళ్లు మాతే ఆకు కషాయం పాత్ర ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ ఆడుతున్నారు.

"ఆర్తిగాసా? బ్రెజిల్ పోయాడమ్మా. ఆడగాలి సోకి."

"నీ మొహం. ఓడలో వంటవాడు. వాడి వంట తిని ఓడే మునిగింది."

"మీరిద్దరూ ఎప్పుడైనా చూశారా ఆయన్ని?" అంది అనహీ.

"చూడకపోతే చెప్పకూడదా ఏంటి?"

అందరూ నవ్వారు. దోన్ ఒరొస్మాన్ ఒక్కడే నవ్వలేదు. పేటంతా గౌరవంగా 'దోన్' అని పిలిచే డెబ్బై ఎనిమిదేళ్లవాడు, నిటారు మనిషి, మీసం ఇంకా దువ్వుకుంటాడు. జాబితాలో రెండోవాడు. వెయ్యి తొమ్మిది వందల ముప్పైలో, తొమ్మిదేళ్లప్పుడు చేరాడు. చేతిలో చెక్కబంతి తూచుకుంటున్నాడు.

వెనకాలే వచ్చిన బెనితెస్ అతని భుజం తట్టాడు. "ఆ పిరిస్ ఎప్పుడో పోయుంటాడు. ఇంటివాళ్లు ఎవరైనా ఓ కాగితం మీద సంతకం పెడితే సరి, ఆదివారం బంతి నీదే. ఏమంటావ్ దోన్ ఒరొస్మాన్?"

"కాగితం సంగతి నన్నడక్కు. కాగితాలు నీ పని" అన్నాడు ఒరొస్మాన్. బంతి దొర్లించాడు. అది ఎటో పోయింది. అతని బంతి అంత పక్కకి పోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఇంటివాళ్లంటే ఎవరున్నారు?" అనహీ అడిగింది, ఒరొస్మాన్ ఆ బంతి తెచ్చుకోడానికి దూరం వెళ్లాక.

"మన పేటలో పిరిస్ అంటే ఒక్కతే కదమ్మా. వల డెల్మిరా" అన్నాడు బెనితెస్.

*

గురువారం ఎండ కాసింది. ఉత్తరం వైపు గోలు వెనక, చాపలా పరిచిన వల మధ్యలో దోన్యా డెల్మిరా కూర్చుని ఉంది. డెబ్బై మూడేళ్ల మనిషి. పాత కోటు, తలకి రుమాలు. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తాడు బిగబట్టి, కుడిచేత్తో చెక్కసూది దూర్చి, మెలిపెట్టి, ముడి పళ్లతో బిగించి, మళ్లీ దూరుస్తోంది. ఆమె తండ్రి చేపలు పట్టేవాడు. క్లబ్బుకి మొదటి గోలు వలలు అల్లింది ఆయనే. అప్పట్నుంచీ అవి ఆ ఇంటి పనే అయ్యాయి.

"రా అమ్మాయ్. నీ మొగుడు నిన్న సున్నం పోస్తూ నా వల అంచు తొక్కాడు. చెప్పు వాడికి, కాళ్లు విరగ్గొడతానని."

"నేనే విరగ్గొడతాలెండి. మీకెందుకు శ్రమ?"

"అబ్బో. ఇరవై రోజులకే ఇంత హక్కు వచ్చిందా? ఇలా కూర్చో. ఆ కన్ను పట్టుకో."

తెగిన వల కన్ను రెండు వేళ్లతో తెరిచి పట్టుకుంది అనహీ. డెల్మిరా సూది అందులోంచి చేపపిల్లలా దూసుకుపోయింది. అలా నాలుగు కన్నులు అయ్యాక అనహీ కోటు జేబులోంచి కాగితం తీసింది.

"బెనితెస్ గారు పంపారండీ. మీ బంధువు ఆర్తిగాస్ పిరిస్ గారు చనిపోయారని మీరు సంతకం పెట్టాలట. పెడితే దోన్ ఒరొస్మాన్ ఒకటో నంబరవుతారు."

సూది ఆగింది.

"చచ్చిపోయాడనా?"

"అవునండీ. మీ అన్నగారా?"

"నాకు అన్నలు లేరు." డెల్మిరా తాడు చివర నోట్లో పెట్టుకుని తడిచేసింది. "వాడు చావలేదమ్మాయ్."

"మరి ఎక్కడున్నారు?"

"వల కుడుతున్నాడు."

అనహీ అటూ ఇటూ చూసింది. మైదానం అవతల కొసన వాషింగ్టన్ గడ్డి తడుపుతున్నాడు. ఇంకెవరూ లేరు. చూపు తిరిగి వచ్చి ముసలామె చేతుల మీద ఆగింది.

డెల్మిరా ముసిముసిగా నవ్వుతూ మళ్లీ సూది దూర్చింది. చెప్పేదంతా ఆ చేతులు ఆగకుండానే చెప్పింది.

"మా అమ్మ నొప్పులు పడుతోంది. మంత్రసాని మా నాన్నని బయటికి తోలేసింది. ఊరికే ఉండలేక క్లబ్బుకొచ్చాడు. ఆ రోజూ వార్షికోత్సవమే, బల్ల మీద ద్రాక్షసారా ఉంది. 'కొడుకు పుడుతున్నాడు, ఇప్పుడే రాయండి' అన్నాడు. 'పుట్టనీ' అన్నారు. 'పుట్టాక నంబరు ఇంకోడు పట్టుకుపోతాడు' అన్నాడు. దేశనాయకుడి పేరే రాయించాడు, ఆర్తిగాస్ అని. ఇంటికెళ్తే ఏముంది? నేను."

"అయ్యో! మార్పించలేదా?"

"ఆడపిల్లని సభ్యురాలిగా చేర్చుకుంటే కదా మార్చడానికి. చెబితే పేరు కొట్టేస్తారు. అందుకని నా జుట్టు కత్తిరించి, నెత్తిన టోపీ పెట్టి, ఆ కార్డుతోనే ఆటకి తీసుకొచ్చేవాడు. గేటు దగ్గర 'ఏరా ఆర్తిగాస్' అని బుగ్గ గిల్లేవాళ్లు. పదకొండేళ్లొచ్చేదాకా ఇక్కడ నేను మగపిల్లాణ్ణే. ఆ పైన టోపీతో దాచగలిగేది కాదు." ముడి బిగించింది. "నాన్న బతికున్నన్నాళ్లూ పేరు తియ్యనివ్వలేదు. ఆయన పోయిన మరుసటేడు ఆడవాళ్లని చేర్చుకున్నారు. నా పేరుతో నేను చేరాను. అందరికన్నా చివర. ఇప్పుడు అరవై మూడు."

"మీది అరవై మూడేంటండీ, ఒకటి! పుట్టకముందునుంచీ మీరు ఒకటి!" అనహీ లేచి నిలబడింది. చేతిలోని వల కన్ను జారిపోయింది. "ఇప్పుడే పోయి బెనితెస్ గారికి చెప్తాను."

"కూర్చో."

అంత నెమ్మదిగా అన్న మాటకి ఆమె మళ్లీ కూర్చుంది.

"ఒరొస్మాన్ ఆరు ఆటలు ఆడాడు ఈ క్లబ్బుకి, అదీ రెండో జట్టులో. ఒక్క గోలు లేదు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. మంగలి పోయినప్పట్నుంచీ ఆ బంతి కలలోకొస్తోంది వాడికి. నాకేం? ఇక్కడ పడ్డ ప్రతి బంతీ నా వలలోనే పడింది. ఇలా తే కాగితం."

మోకాలి మీద పెట్టుకుని సంతకం పెట్టింది. నిబ్బు తాడు గరుకు మీద ఎగిరి 'పిరిస్'లో ఒక చోట కాగితం చిల్లుపడింది. తర్వాత కోటు లోపలి జేబులోంచి, మడతల్లో నలిగిన ఒక చిన్న అట్ట కార్డు తీసింది. ఎర్రరంగు వెలిసింది. లోపల ఫోటోలో కళ్ల దాకా టోపీ లాక్కున్న ఒక పిల్లాడు. టోపీ కింద చెవులు రెండూ రెక్కల్లా విప్పారి ఉన్నాయి. రుమాలు కింద ఇప్పుడూ అవే చెవులు.

"ఇది కూడా పట్టుకుపో. చచ్చినవాడి కార్డు తిరిగివ్వాలి, అది పద్ధతి. ఎవరితోనూ ఒక్క మాట అనకు. నీ సున్నం మొగుడితో కూడా."

"అననండీ" అంది అనహీ. అన్నాక గాని ఎంత పెద్ద మాట ఇచ్చిందో తెలియలేదు.

కాగితం బెనితెస్‌కి ఇచ్చింది. కార్డు మాత్రం జేబులోనే ఉండిపోయింది. ఇవ్వకూడదని అనుకోలేదు, చెయ్యి తీయలేదంతే.

*

ఇరవై మూడు రోజుల కాపురంలో మొగుడికి చెప్పని మాట ఆమె దగ్గర ఒక్కటీ లేదు. కలలో ఆవులు వచ్చిన సంగతి కూడా చెప్పింది. ఇప్పుడు ఒకటుంది.

శనివారం వాన. వాన పడితే ఆ పేటలో ప్రతి ఇంటా గోధుమపిండి రొట్టెలు కొవ్వులో వేయించాల్సిందే. అనహీ మూడు మాడ్చింది.

"ఏమైందే నీకు? రెండు రోజులుగా నాతో సగమే మాట్లాడుతున్నావ్" అన్నాడు వాషింగ్టన్, మాడినది కూడా పంచదార చల్లుకుని తింటూ.

"మిగతా సగం దాస్తున్నాను. ముసలితనానికి."

"అప్పుడు నాకు చెవుడొస్తే?"

ఆమె నవ్వింది, వెంటనే ఏడుపొచ్చింది. అతను కంగారుపడి, జిడ్డుచేతులు పైకెత్తి, మోచేతులతోనే ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. ఏమిటని మళ్లీ అడగలేదు. అందుకు ఆమె అతన్ని ఇంకాస్త ఎక్కువ ప్రేమించింది.

మధ్యాహ్నం బెనితెస్ పంపితే ఆమె ఒరొస్మాన్ ఇంటికి వెళ్లింది, కొత్త కార్డుకి ఫోటో తేవడానికి. మనసులో ఆ ముసలాయన్ని బాగా తిట్టుకుంటూనే వెళ్లింది. తలుపు తీసే ఉంది. పెరట్లో రేకు కప్పు కింద దోన్ ఒరొస్మాన్ ఉండచుట్టిన పాత మేజోళ్లని గోడకేసి తంతున్నాడు. కాళ్లకి కొత్త నల్లబూట్లు. తన్నినప్పుడల్లా నడుం పట్టుకుని, వంగి, ఆ ఉండని తనే తెచ్చుకుంటున్నాడు.

ఆమెను చూసి ఎర్రబడ్డాడు. "బూట్లు సాగాలని, అంతే. కరుస్తున్నాయి."

"బాగున్నాయండీ బూట్లు."

"నిజమా? మా ఆవిడ ఉంటే గోధుమరంగువి తీసుకోమనేది." ఫోటో ఇచ్చి గుమ్మం దాకా వచ్చాడు. ఆమె వాన టోపీ తగిలించుకుంటుంటే అడిగాడు, గోడవైపు చూస్తూ. "ఆ ఆర్తిగాస్ విషయం... సర్దుకుందా?"

ఆ అడగడంలో ఏదో ఉంది. అనహీ ఆయన మొహం చూసింది. ఆయన చూడనివ్వలేదు.

"సర్దుకుందండీ."

"సరే సరే. కాగితం మీద పేరేగా."

తిరిగి వస్తుంటే కోపం కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు. కళ్ల ముందు ఆ మేజోళ్ల ఉండే దొర్లుతోంది. డెల్మిరా ఎందుకు సంతకం పెట్టిందో అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక బరువు తగ్గాలి కదా, తగ్గలేదు.

*

ఆదివారం వాన వెలిసింది. వాషింగ్టన్ తెల్లవారకుండానే లేచి కొట్టుకుపోయిన గీతలన్నీ మళ్లీ గీశాడు. తడి పచ్చ మీద తెల్లగా అవి ఎంత అందంగా ఉన్నాయంటే, ఎవరు తొక్కినా అనహీ కొట్టేలా ఉంది.

గ్యాలరీ నిండింది. రెండు జట్లూ మధ్య వృత్తం చుట్టూ నిలబడ్డాయి. అధ్యక్షుడి పక్కన దోన్ ఒరొస్మాన్, టై, టోపీ, బూట్లు. బెనితెస్ చేతిలో మైకు. జాబితా అందించడానికి అనహీ అతని వెనకే ఉంది. డెల్మిరా ఎప్పటిలాగే ఉత్తరం గోలు దగ్గర, వల కిందంచు మేకుకి కట్టడంలో మునిగిపోయి ఉంది.

"మన ఒకటో నంబరు సభ్యుడు ఆర్తిగాస్ పిరిస్" బెనితెస్ గొంతు స్పీకర్లలో రెండుసార్లు వినిపిస్తోంది, "ఇక లేరని, వారి ఏకైక బంధువు డెల్మిరా పిరిస్ సంతకంతో ధ్రువీకరించినందువల్ల..."

ఒరొస్మాన్ గిరుక్కున తల తిప్పాడు. "ఎవరు సంతకం పెట్టారూ?"

"...వారి ఆత్మశాంతికి ఒక నిమిషం మౌనం."

రెఫరీ ఈల వేశాడు. ఎనిమిది వందల మంది లేచారు. టోపీలు దిగాయి. పిల్లల నోళ్లు తల్లులు మూశారు. బోగన్‌విలియా గోడ అవతల ఎవరిదో కుక్క కూడా ఊరుకుంది. అనహీ ఉత్తరం వైపు చూసింది. డెల్మిరా మేకు వదిలి, లేచి, కోటు సర్దుకుని, చేతులు ముందు కట్టుకుని, తల వంచి నిలబడింది. అందరితో పాటు, తన కోసం.

అనహీ జేబులో కార్డు పట్టుకుంది. మాట ఇచ్చింది. నోరు తెరవకూడదు.

పక్కన ఏదో కిర్రుమంది. కొత్త తోలు. దోన్ ఒరొస్మాన్ నడుస్తున్నాడు. మౌనం మధ్యలోంచి, టోపీ చేత పట్టుకుని, కాస్త కుంటుతూ, తడి గడ్డిలో ఉత్తరానికి. మధ్య వృత్తం గీత తొక్కాడు. పెనాల్టీ గీత తొక్కాడు. నల్లబూటు ముద్రలు తెల్లగీత మీద పడ్డాయి. గ్యాలరీ కింద వాషింగ్టన్ ఛాతీ పట్టుకున్నాడు.

ఎవరూ చప్పుడు చేయలేదు కనక, గోలు దగ్గర ఆయన అన్న మాట మైదానమంతా విన్నది.

"చచ్చినట్టు నటించింది చాలు ఆర్తిగాస్. పద."

డెల్మిరా తలెత్తలేదు. "పోరా వెధవా. ఇంకా అర నిమిషం ఉంది."

"నువ్వు పుట్టిన రోజు మీ గుమ్మంలో ఉన్నాను నేను. ఐదేళ్లు నాకు. 'ఆర్తిగాస్‌కి లంగా కుట్టాలిరా' అని మీ నాన్న తలబాదుకుంటుంటే విన్నాను."

"తెలిసి ఈ మూడు రోజులూ గమ్మున ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాడు ముసలాయన. "కాగితమే కదా అనుకున్నాను. కాని నువ్వు పోయావని నిమిషం పాటు నిలబడమంటే నా వల్ల కాలేదే డెల్మీ. పైగా ఈ బూట్లు చంపుతున్నాయి."

గ్యాలరీలో గుసగుస మొదలైంది. బెనితెస్ మైకులోనే "ఏంటండీ ఇది, ఎవరు ఆర్తిగాస్?" అని అందరికీ వినిపించేలా అడిగేశాడు. అనహీ ఒక్క మాటా అనలేదు. జేబులోంచి కార్డు తీసి, తెరిచి, అతని ముక్కు కింద పెట్టింది. బెనితెస్ ఫోటో చూశాడు. ఉత్తరం వైపు చూశాడు. అక్కడ ఒరొస్మాన్ డెల్మిరా తల రుమాలు వెనక్కి లాగేశాడు, చేతిలోని తన టోపీ ఆమె నెత్తిన పెట్టాడు. చెవులు రెండూ రెక్కల్లా బయటికి వచ్చాయి.

"ఓరి దేవుడా" అన్నాడు బెనితెస్. అదీ స్పీకర్లలో రెండుసార్లు వినిపించింది.

ఇద్దరూ నడిచి వచ్చారు. గీత వచ్చినప్పుడల్లా డెల్మిరా ఆగి, కాలెత్తి, దాటింది; ఒరొస్మాన్‌ని కూడా చేయిపట్టి దాటించింది. అధ్యక్షుడి చేతిలోని కొత్త కార్డు మీద ఉన్నది ఒరొస్మాన్ మీసాల ఫోటో. అందుకని అధ్యక్షుడు పాత కార్డే అనహీ దగ్గర తీసుకుని, ఒంగి డెల్మిరాకి ఇచ్చాడు. ఆమె దాన్ని చూసుకోలేదు. మడిచి లోపలి జేబులో, డెబ్బై ఏళ్లుగా ఉన్న చోటే పెట్టుకుంది. అనహీ వైపు ఒక్కసారి కన్నెర్రజేసింది.

"నేనేం మాట్లాడలేదండీ" అంది అనహీ.

"చూశాను. తర్వాత చెప్తా నీ పని."

బంతి మధ్య చుక్క మీద పెట్టారు. ఒరొస్మాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు, రెండో నంబరు ఉండాల్సిన చోటుకి. అక్కడ కూడా నిటారుగానే నిలబడ్డాడు. అప్పుడు రెఫరీ, నిబంధనల మనిషి, గడియారం చూసుకుని బెనితెస్ దగ్గరికి వచ్చాడు.

"మౌనం ముప్పై ఐదు సెకన్లే అయిందండీ. మిగతా పాతికా ఏం చేయమంటారు?"

బెనితెస్ డెల్మిరా వైపు చూశాడు.

"దాచిపెట్టండి నాయనా" అంది డెల్మిరా. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయిగా."

టోపీ కళ్ల మీదికి లాక్కుని, చేతిలో చెక్కసూది అలాగే పట్టుకుని, బంతిని తన్నింది. పైన ఎనిమిది వందల మంది కాళ్లు కొట్టిన చప్పుడికి గ్యాలరీ కింద రెండు గదుల ఇంట్లో, అలమారలో, కొత్త పెళ్లి గ్లాసులు రెండు పగిలాయి.